మంచం కింది పంతులు ఎప్పుడు కనపడాలి?

పాత నాటకంలోంచి ఒక సీను తీసుకుని షార్ట్ ఫిల్ము చేస్తున్న చెన్నై తెలుగు విద్యార్థుల ఉత్తరాలకే ఈసారి ‘అడగండి – చెబుతాం’ మొత్తం కేటాయించాం. చాలామంది ఒకే సీను ఎంచుకున్నారు, ఒకే చోట ఇరుక్కున్నారు. అందుకే ఆ సీను గురించి ఎక్కువ, మిగతావాటి గురించి తక్కువ. తెలియనివాళ్లకి ఆ సీను రెండు ముక్కల్లో: గురజాడ ‘కన్యాశుల్కం’లో బొంకులదిబ్బ అనే చోట గిరీశం ఒంటరిగా మాట్లాడుకోవడంతో కథ మొదలవుతుంది. తర్వాత వేశ్య మధురవాణి ఇంట్లో రామప్పంతులు ఉండగా గిరీశం వస్తాడు, పంతులు మంచం కింద దూరతాడు. గిరీశం డబ్బు ఎగ్గొట్టిన పూటకూళ్లమ్మ చీపురుకట్టతో రాగానే అతనూ అక్కడికే దూరతాడు.

ప్రశ్న: కాలేజీ పోటీకి 10 నిమిషాల ఫిల్ము తీయాలి. ‘కన్యాశుల్కం’ మొదటి అంకంలో మధురవాణి ఇంట్లో మంచం కింద దాక్కునే సీను అనుకున్నాం. బొంకులదిబ్బ ముక్క కూడా కలిపి పైకి చదివితే 20 నిమిషాలు దాటుతోంది. ఏం తీసేయాలి? హక్కులు ఎవర్ని అడగాలి?
– డిగ్రీ రెండో ఏడాది విద్యార్థులు, పెరంబూరు

ముందు హక్కుల మాట. గురజాడ అప్పారావు గారు 1915లో పోయారు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు లెక్క. అది ఎప్పుడో తీరిపోయింది. ఎవర్నీ అడగక్కర్లేదు, టైటిల్స్‌లో ఆయన పేరు వేయడం మాత్రం మరవకండి. అయితే మీ చేతిలో ఉన్న పుస్తకంలో నాటకం ఒక్కటే ఉండదు. పీఠిక, కింద ఇచ్చిన వివరణలు, పదాల అర్థాలు వాటిని రాసినవారివి. ఎవరైనా స్టేజి కోసం కుదించి రాసుకున్న ప్రతి దొరికితే ఆ కుదింపు కూడా వారి సొంతమే. కాబట్టి మాటలు మూలంలోంచే తీసుకోండి, కత్తిరింపు మీరే చేసుకోండి.

మూలం అంటే ఏది అన్నది కూడా తేల్చుకోవాలి. ఈ నాటకం 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి, మార్చి మళ్లీ వేశారు. మనందరి నోళ్లలో నానే ఏడు అంకాల ‘కన్యాశుల్కం’ ఆ 1909 నాటిది. మొదటి కూర్పు కూడా విడిగా దొరుకుతుంది. రెండింటి మాటలూ కలిపేస్తే పాత్రల తీరు కుదరదు. మీ దగ్గరున్న ప్రతి మీద అనుమానం ఉంటే ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయంలో తెలుగు విభాగానికి వెళ్లి పోల్చి చూసుకోండి.

ఇక కత్తిరింపు. స్టాప్‌వాచీ పెట్టుకుని పైకి చదివారు, అది సరైన పని. కళ్లతో చదివితే నిమిషాలు తెలియవు. ఇప్పుడు పెన్సిలు తీసుకుని ప్రతి మాట పక్కనా ఒక గుర్తు పెట్టండి. కథలో కొత్త సంగతి చెప్పే మాటకి ‘క’. మనిషి గుణం బయటపెట్టే మాటకి ‘మ’. హాల్లో వెనక వరసలో కూర్చున్నవాడికి కంటికి ఆననిదాన్ని చెవికి చెప్పే మాటకి ‘వె’. తలుపు చప్పుడు అయిందనీ, ఫలానావాడు వచ్చాడనీ, అటు దాక్కోమనీ చెప్పే మాటలు చాలావరకు ఈ ‘వె’ జాతివి. కెమెరా దగ్గరికెళ్లి చూపిస్తుంది కాబట్టి వాటి అవసరం తీరిపోయింది. ముందు అవి తీసేసి మళ్లీ టైము చూసుకోండి.

‘క’ మాటల్లో ఒకే సంగతి రెండు చోట్ల వస్తే, అది ఎవరికి తగులుతుందో వాళ్ల ఎదుట అన్నది ఉంచండి. ఒక్క జాగ్రత్త. పూటకూళ్లమ్మ దగ్గర సామాను కొనిపెడతానని పట్టుకెళ్లిన 20 రూపాయల సంగతి బొంకులదిబ్బ దగ్గర గిరీశం తనకు తానే చెప్పుకుంటాడు. సీదా మధురవాణి ఇంటితో మొదలుపెడితే నాటకం చదవనివాళ్లకి ఆ చీపురుకట్ట ఎందుకొచ్చిందో అర్థం కాదు. దానికోసం ముందు ఒక 30, 40 సెకన్లు అట్టే పెట్టుకోండి.

‘మ’ మాటలు చివరిదాకా ముట్టుకోవద్దు. సీను మొదట్లో మధురవాణి రామప్పంతులుకి నీతి గుర్తు చేసే మాట ఉంది చూడండి, కథ నడవడానికి దానితో పని లేదు గనక మొదట కత్తెర పడేది దాని మీదే. అది పోతే మధురవాణే పోతుంది. మగవాళ్లు దూరి దాక్కునే ఒక ఇల్లు మాత్రం మిగులుతుంది. ఆమె తెలివీ, ఆమె గీసిన గీతా కనబడకుండా ఈ సీను తీయడం గురజాడకి అన్యాయం.

గిరీశం ఇంగ్లీషు గురించి ఒక మాట. మీరు రోజంతా ఇంగ్లీషు మాట్లాడతారు కాబట్టి ఆ ముక్కలు మీ నోట్లోంచి గడగడా, మామూలుగా జారిపోతాయి. అలా జారితే గిరీశం లేడు. అతనికి ఇంగ్లీషు కొత్త చొక్కా లాంటిది, నలుగురూ చూడాలని తొడుక్కున్నది. ఇంగ్లీషు ముక్క దగ్గర కాస్త నెమ్మదించి, అన్న తర్వాత అరక్షణం ఎదుటివాడి మొహం చూడమని మీ నటుడికి చెప్పండి.

ప్రశ్న: మేమూ ఆ సీనే తీస్తున్నాం. స్టేజి మీద చూసినప్పుడు పొట్ట పట్టుకుని నవ్వాం. ఫోనులో తీసి చూసుకుంటే ఎవరికీ నవ్వు రావడం లేదు. నటులు బాగానే చేస్తున్నారు. లోపం ఎక్కడ?
– విజువల్ కమ్యూనికేషన్ విద్యార్థులు, అన్నానగర్

మీరు పంపిన షాట్ల జాబితాలోనే జవాబు ఉంది. గిరీశం లోపలికి వచ్చాక వరసగా ఏడు షాట్లు గిరీశం మొహం, మధురవాణి మొహం, మళ్లీ గిరీశం మొహం. అంతసేపూ రామప్పంతులు తెర మీద లేడు.

స్టేజి మీద మంచం పైభాగం, కిందిభాగం, తలుపు మూడూ ఒకేసారి కళ్లముందుంటాయి. గిరీశం ఏదో అంటాడు, ప్రేక్షకుడి చూపు దానంతట అదే మంచం కిందికి జారుతుంది. నవ్వు పుట్టేది గిరీశం నోట్లో కాదు, పంతులు చెవిలో. కెమెరా పెట్టగానే ఆ చూపు జారే స్వేచ్ఛ ప్రేక్షకుడికి పోయింది. మీరు చూపిస్తేనే చూస్తాడు. 20 సెకన్లు చూపించకపోతే కింద మనిషున్న సంగతే మరిచిపోతాడు. స్టేజి ఒకేసారి చూపించినదాన్ని ఏ క్షణాన, ఎవరి వైపు నుంచి చూపించాలో తేల్చుకోవడమే ఈ అనుసరణలో మీ అసలు పని. మాటలు మార్చడం దాని తర్వాతే.

రెండు దారులున్నాయి. ఒకటి, పంతులుతోపాటు మనమూ మంచం కిందికి వెళ్లిపోవడం. అప్పటి నుంచి గిరీశం మనకి రెండు పాదాలు, ఒక గొంతు. నవ్వు బాగా పండుతుంది కానీ మధురవాణి మొహం పోతుంది. ఇద్దర్నీ ఆడిస్తున్నది ఆమే. ఆమె మొహం లేని సీను సగం సీను. రెండోది, పైనే ఉంటూ ప్రతి ఫ్రేములోనూ మంచం పట్టెని, దాని కింది చీకటిని కొద్దిగా తగిలించడం, అవసరమైన మూడు నాలుగు చోట్ల మాత్రం కిందికి దిగడం. మా సలహా ఈ రెండోదే.

ఎక్కడ దిగాలి? పంతులు దూరినప్పుడు వద్దు, అది పైనుంచే చూపించండి. పంచె అంచు ఒకటి బయటే ఉండిపోవాలి. గిరీశం వచ్చి మంచం మీద కూర్చునే క్షణాన మొదటిసారి కిందికి దిగండి. నవారు మంచమైతే బరువుకి నవారు కిందికి వంగి పంతులు ముక్కు దాకా వస్తుంది. ఒక్క మాట లేకుండా ఇద్దరి స్థితీ తెలిసిపోతుంది. ఈ షాటు 3 సెకన్లకి మించి వద్దు. రెండోసారి గిరీశం గొప్పలు పోతున్నప్పుడు. ఇక్కడ పంతులు మొహం మీదే ఉండి, గొంతు మాత్రం పైనుంచి వినిపించండి. మూడోసారి గిరీశం తానే కిందికి దూరి అక్కడ ఇంకో మనిషిని చూసినప్పుడు. ఇక్కడ తొందర పడకండి. చీకట్లో రెండు మొహాలు, పైన పూటకూళ్లమ్మ అడుగుల చప్పుడు, 4 సెకన్ల మౌనం. ఎడిటింగులో ఆ మౌనాన్ని ఒకటిన్నర సెకనుకి కోస్తారు, ప్రతి బృందమూ చేసే పొరపాటే అది. కోయకండి.

ఇంకొకటి. తలుపుకీ మంచానికీ మధ్య నేల మీద ఒక గీత ఉందనుకుని, కెమెరా ఎప్పుడూ ఆ గీతకి ఒకే పక్కన ఉండేలా చూసుకోండి. మీ ఫుటేజీలో రెండుసార్లు గీత దాటారు. అందుకే పూటకూళ్లమ్మ తలుపు వైపు తిట్టుకుంటూ పోతున్నట్టు కనిపిస్తోంది. కిందికి దిగినప్పుడు కూడా అదే పక్క.

ప్రశ్న: మంచం కింద మనిషి పట్టడం లేదు. వెలుతురూ లేదు. కెమెరా అసలే పట్టదు. ఎలా?
– బీకాం విద్యార్థిని, తిరువళ్లిక్కేణి

మనిషి బోర్లా పడుకుని పాకడానికి 14 అంగుళాల ఎత్తు చాలు. పక్కకి తిరగాలంటే భుజం అడ్డం వస్తుంది, 18 అంగుళాలు కావాలి. ఇద్దరు పట్టాలంటే మంచం వెడల్పు కనీసం 4 అడుగులు. ఇప్పటి మంచాలకి కింద పెట్టెలుంటాయి, లేదా అడుగు ఎత్తు కూడా ఉండవు. సొరుగుల్లేని పాత పట్టె మంచం ఒకటి సంపాదించి కాళ్ల కింద ఇటుకలు పెట్టండి. ఇటుక అడ్డంగా పడుకోబెడితే 3 అంగుళాలు, రెండు పేర్చితే 6. దుప్పటి అంచు ఇటుకల్ని కప్పేస్తుంది.

ఇటుకల మీద ఉన్న మంచం ఎక్కి ఎవరూ కూర్చోకూడదు, ఇది ఖచ్చితం. ఇటుక జారినా పగిలినా కింద ఉన్నవాళ్ల వెన్ను మీదే పడుతుంది. పై షాట్లన్నీ ఇటుకల్లేకుండా ముందు తీసేయండి, కింద మనిషి లేకుండానే. ఆ తర్వాత ఇటుకలు పెట్టి కింది షాట్లు తీయండి, పైన మనిషి లేకుండా. కూర్చోగానే నవారు వంగే షాటుకి, నవారుకి కింది నుంచి నల్ల దారం కట్టి ఒకరు ఫ్రేము బయట నుంచి లాగితే సరిపోతుంది. నిజంగా ఎవరూ కూర్చోనక్కర్లేదు. లాగి ఒక్కసారి కొద్దిగా వదలాలి. మనిషి కూర్చున్నప్పుడు నవారు ముందు ఎక్కువ వంగి, తర్వాత కాస్త పైకొచ్చి నిలబడుతుంది. ఆ చిన్న కదలిక లేకపోతే దారం లాగినట్టే ఉంటుంది.

ఫోనుని తలకిందులుగా పెట్టండి. లెన్సు నేలకి అంగుళం ఎత్తులోకి వస్తుంది. రికార్డు నొక్కే ముందు స్క్రీన్ తిరగకుండా లాక్ చేసుకుని, బొమ్మని ఎడిటింగులో తిప్పుకోండి. కిందికి వెలుతురు కావాలంటే లైటుని నేరుగా లోపలికి కొట్టకండి, నడిరోడ్డులో పట్టుకున్నట్టు ఉంటుంది. కెమెరా పక్కన నేల మీద తెల్ల థర్మోకోల్ షీటు పరిచి, లైటు దాని మీద పడేలా పెడితే ఆ తెలుపు మెత్తగా లోపలికి వెళ్తుంది. మొహాలు తెలిస్తే చాలు, వెనక చీకటి చీకటిగానే ఉండాలి.

గదిలో కిరసనాయిలు లాంతరు పెట్టుకుంటారు కదా, దాని వెలుగు ఫోనుకి చాలదు, బొమ్మ నిండా ఇసుక పోసినట్టు గింజలొస్తాయి. లాంతరు వెనక, కెమెరాకి కనబడకుండా 9 వాట్ల పసుపు ఎల్‌ఈడీ బల్బు ఒకటి దాచండి, 2700 లేదా 3000 కెల్విన్ అని రాసి ఉన్నది. వైట్ బ్యాలెన్సు ఆటోలో వదలొద్దు. ఆటోలో ఉంటే ఫోను ఆ పసుపుని తెలుపు చేసేస్తుంది, ఒక్కో షాటు ఒక్కో రంగులో వస్తుంది. ఇంకా, మన కరెంటు 50 హెర్ట్జ్. బల్బు వెలుగు సెకనుకి 100 సార్లు ఎగిసి పడుతుంది. సెకనుకి 25 ఫ్రేములు, షట్టరు సెకనులో 50వ వంతు పెట్టుకుంటే తెర మీద చారలు రావు. మీ ఫోనులో 24, 30 మాత్రమే ఉంటే 30 పెట్టుకుని షట్టరు 50వ వంతు గానీ 100వ వంతు గానీ చేయండి.

చీపురు సంగతి. కొబ్బరి ఈనెల చీపురు చూడ్డానికి సరైనది, కంటికి మాత్రం ప్రమాదం. మంచం కిందికి చీపురు దూసుకెళ్లే షాటు ఒకటి, లోపల మనిషి లేకుండా తీయండి. దెబ్బ తిన్న మొహం ఇంకో షాటు, చీపురు లేకుండా. రెండూ పక్కపక్కన పెట్టి చప్పుడు కలిపితే దెబ్బ తగిలిపోతుంది. ఆ చప్పుడు కోసం మడిచిన తడి తువాలుని చీపురుతోనే కొట్టి విడిగా రికార్డు చేసుకోండి.

ప్రశ్న: గిరీశం స్వగతాన్ని ఏం చేయాలి? వాయిస్ ఓవర్ పెడితే బాగుంటుందా?
– ఎంఏ విద్యార్థి, మైలాపూరు

వాయిస్ ఓవర్ అందరికీ మొదట తట్టేది. గిరీశం విషయంలో అది పొసగదు. మనసులో మాట అనగానే అది నిజమని ప్రేక్షకుడు నమ్ముతాడు. గిరీశం ఒంటరిగా ఉన్నప్పుడు కూడా నటిస్తూనే ఉంటాడు, ఎదుట జనం ఉన్నట్టే మాట్లాడతాడు. కాబట్టి పెదవి కదలాలి, గొంతు బయటికి రావాలి. నేరుగా కెమెరాలోకి చూసి మాట్లాడించండి, అది ఇతనికి నప్పుతుంది. అయితే నియమం ఒకటే ఉండాలి. ఫిల్ము మొత్తంలో కెమెరాతో మాట్లాడేది గిరీశం ఒక్కడే. చివర్లో మధురవాణి ఒక్కసారి, మాట లేకుండా అటు చూస్తే ఆ చూపుకి విలువ వస్తుంది. అందరూ చూస్తే ఎవరిదీ నిలవదు.

బొంకులదిబ్బ సాయంకాలం. చెన్నైలో సూర్యుడు దిగాక వాడుకోదగ్గ వెలుగు 20 నిమిషాలు, అంతే. ఒక సాయంత్రానికి రెండు షాట్లు అనుకుని మూడు సాయంత్రాలు పెట్టుకోండి. అక్టోబరు, నవంబరులో వాన తప్పదు కాబట్టి అదనంగా రెండు. బీచిలోనో రోడ్డు మీదో తీయాలంటే పోలీసు అనుమతి అడుగుతారు. కాలేజీ మైదానం చివర ఖాళీ జాగా, ప్రిన్సిపాల్ గారి ఉత్తరం ఉంటే ఆ బాధ లేదు.

ప్రశ్న: మా బృందంలో ఆరుగురం. ఇంట్లో తెలుగే, చదవడం మాత్రం ఇద్దరికే వచ్చు. మాటలన్నీ తమిళ అక్షరాల్లో రాసుకున్నాం. పలకడం తేడాగా ఉందంటున్నారు.
– ఇంజనీరింగు విద్యార్థులు, అంబత్తూరు

తేడా వచ్చేది ఆ అక్షరాల వల్లే. తమిళ లిపిలో క, గలకి ఒకటే అక్షరం, ప, బలకీ ఒకటే. ‘బడి’, ‘పడి’ ఒకేలా రాస్తారు, చదివేటప్పుడు మాట మొదట్లో అలవాటు కొద్దీ ‘ప’ వచ్చేస్తుంది. ‘గాలి’ ‘కాలి’ అవుతుంది. ఖ, ఘ లాంటి ఒత్తి పలికే అక్షరాలు అసలే ఉండవు. తమిళంలో అచ్చయిన స్తోత్రాల పుస్తకాలు మీ ఇంట్లో ఉంటే తీసి చూడండి. అక్షరం పక్కన 2, 3, 4 అని చిన్న అంకెలుంటాయి. ఖ అయితే 2, గ అయితే 3, ఘ అయితే 4. ఆ పద్ధతే మీ స్క్రిప్టులో వాడుకోండి, సగం బాధ తీరుతుంది.

మిగతా సగం చెవితో తీరాలి. చదవగలిగిన ఇద్దర్లో ఒకరు, లేదా ఇంట్లో పెద్దవాళ్లెవరైనా, మాటలన్నీ నెమ్మదిగా, నటన లేకుండా చదివి రికార్డు చేసివ్వండి. నటించి చదివితే వినేవాళ్లు ఆ నటననే దించేస్తారు. ఎవరి మాటలు వాళ్లు విడి ఫైలుగా పెట్టుకుని రోజూ వినాలి. షూటింగుకి కనీసం రెండు వారాల ముందు మొదలుపెట్టండి.

ఉత్తరాంధ్ర యాస కోసం సినిమా కామెడీ యాసని పట్టుకోవద్దు. ఈ నాటకంలో ఒక్కొక్కరి కులాన్ని బట్టి, చదువుని బట్టి, పనిని బట్టి మాట వేరు. గిరీశం మాటా, నౌకరు అసిరి మాటా ఒకటి కాదు. పుస్తకంలో ‘యేవిటి’, ‘వొచ్చి’ అని ఎలా అచ్చయిందో అలాగే పలికితే చాలు, గురజాడ ఆ పలుకుబడినే కాగితం మీద పెట్టారు. రాసుకునేటప్పుడు ‘ఏమిటి’, ‘వచ్చి’ అని ‘దిద్దకండి’.

ప్రశ్న: కథని ఇప్పటి చెన్నైకి మార్చి, పూటకూళ్లమ్మని పీజీ ఓనరు ఆంటీగా చేయొచ్చా?
– డిగ్రీ విద్యార్థులు, గిండీ

చేయొచ్చు. తిండి పెట్టినావిడ డబ్బు ఎగ్గొట్టి దాక్కోవడం ఏ కాలంలోనైనా నిలిచే సంగతి. ఇబ్బంది మధురవాణి దగ్గర వస్తుంది. ఆమె వృత్తి, ఆ వృత్తిలో ఉండి ఆమె చూపించే హుందాతనం, చుట్టూ ఉన్న పెద్దమనుషుల రెండు నాల్కలు ఆ కాలంతో ముడిపడ్డాయి. ఆమెని ఉత్త గర్ల్‌ఫ్రెండుగా మారిస్తే పాత్ర చిన్నదైపోతుంది. ఇప్పటి లోకంలో ఆమెకి సాటి ఎవరో మీకు గట్టిగా తడితేనే మార్చండి. మారిస్తే మాటలూ పూర్తిగా మార్చాలి. జీన్సు ప్యాంట్లలో 1909 మాటలు సగం సగం పెడితే రెండు కాలాలకీ చెందదు.

ప్రశ్న: ‘హరిశ్చంద్ర’ కాటి సీను పద్యాలు యూట్యూబులో పెట్టొచ్చా? రాయబారం సీను పద్యాలో?
– తెలుగు సంఘం విద్యార్థులు, జార్జిటౌను

రాయబారం పద్యాలు తిరుపతి వెంకట కవులవి. ఇద్దరిలో చివర పోయిన చెళ్లపిళ్ల వారు 1950లో పోయారు, గడువు 2010తో తీరింది. ‘హరిశ్చంద్ర’ రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు 1953లో పోయారు, అదీ 2013తో తీరింది. మెలిక ఒకటుంది. కాటి సీనులో నటులు పాడే ‘ఇచ్చోటనే’, ‘ఎన్నో యేండ్లు’ పద్యాలు బలిజేపల్లి వారివి కావు. జాషువా ‘శ్మశానవాటి’లోవి. స్టేజి నటులు వాటిని నాటకంలోకి తెచ్చుకున్నారు, జనం నోట అవి నాటకంవే అయిపోయాయి. జాషువా గారు 1971లో పోయారు కాబట్టి 2031 డిసెంబరు చివరి దాకా హక్కులున్నాయి. కాలేజీలో విద్యార్థులూ అధ్యాపకులూ నాటకం ఆడుకోవడానికి చట్టంలో మినహాయింపు ఉంది. దాన్ని ఫిల్ము తీసి లోకానికి పెట్టడానికి అదే సరిపోతుందనుకోవద్దు. హక్కుదారుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, లేదా బలిజేపల్లి వారి పద్యాలతోనే సీను కట్టుకోండి. పాత గ్రామఫోను రికార్డుల ఆడియో కోసి పెట్టడం వేరే చిక్కు, దాని జోలికి పోకండి.

పద్యం తీయడంలో అందరూ దెబ్బతినేది శ్రుతి దగ్గర. ఉదయం తీసిన షాటులో ఒక శ్రుతి, మధ్యాహ్నం షాటులో దానికి కాస్త పైన. విడివిడిగా వింటే తెలియదు, పక్కపక్కన అతికిస్తే పద్యం మధ్యలో విరిగినట్టుంటుంది. పాడేవారి చెవిలో చిన్న ఇయర్‌ఫోను పెట్టి, తంబురా యాప్‌లో ఒకే శ్రుతి రోజంతా వినిపిస్తూ ఉండండి. హార్మోనియం సెట్టులో వద్దు, తర్వాత విడిగా కలపండి. ముందు పద్యం మొత్తం ఒకే టేకులో పాడించి ఆ శబ్దాన్ని అసలుగా ఉంచుకుని, మిగతా కోణాలు దాన్ని వినిపిస్తూ తీయడం ఇంకా మేలు. కోతలు పాదం చివర పడాలి. సమాసం మధ్యలో కోస్తే వినేవాడికి ఊపిరి ఆడదు. రాగాలాపన స్టేజి మీద 40 సెకన్లు సాగుతుంది, తెర మీద 8 సెకన్లకే పొడుగనిపిస్తుంది. ఆలాపన సాగుతుండగా వింటున్నవాళ్ల మొహాలు చూపిస్తే 15 దాకా నిలబడుతుంది.

ప్రశ్న: ఎప్పుడు తీసినా కాకుల గోల. ఫ్యాను ఆపితే చెమటకి అతికించిన మీసం ఊడిపోతోంది.
– బీఎస్సీ విద్యార్థిని, వడపళని

కాకుల్ని ఎవరూ ఆపలేరు. వాటి వల్ల నష్టమూ లేదు, ఈ సీను జరిగే విజయనగరంలోనూ కాకులున్నాయి. ఒక షాటులో ఉండి పక్క షాటులో టక్కున ఆగిపోవడమే నష్టం. షూటింగు అయ్యాక అందర్నీ మౌనంగా ఉంచి అదే గదిలో రెండు నిమిషాలు ఉత్త శబ్దం రికార్డు చేసి, సీను మొత్తం కింద పరవండి. అతుకులు వినబడవు. ఆటో హారను, కుక్కరు విజిలు, నీళ్ల మోటారు మాత్రం ఈ కథలో ఇమడవు. అవి వస్తే టేకు మళ్లీ తీయాల్సిందే. ఆడి మాసంలో అమ్మవారి గుడుల మైకులు పొద్దున్నే మొదలవుతాయి, జూలై మధ్య నుంచి నెల రోజులు గుడి పక్క ఇల్లు పెట్టుకోవద్దు. మైకు చొక్కా మీద గడ్డానికి జానెడు కింద. శబ్దం స్థాయి మామూలు మాటకి మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి, పూటకూళ్లమ్మ అరుపుకి కూడా సున్నా ముట్టకూడదు. ఫ్రిజ్ ఆపితే ఇంటి తాళాలు ఫ్రిజ్‌లోనే పెట్టండి, మళ్లీ ఆన్ చేయకుండా ఇంటికి వెళ్లలేరు.

మీసం ఊడేది చెమటకంటే చర్మం మీది నూనెకే. పై పెదవిని స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, స్పిరిట్ గమ్ పల్చగా రాసి, వేలికి జిగురుగా తగిలేదాకా ఆగి, అప్పుడు అతికించి తడిగుడ్డతో నొక్కి పట్టుకోవాలి. తడిగా ఉండగానే అతికిస్తే జారుతుంది. ముందురోజు మోచేతి లోపల కొద్దిగా రాసి దురద వస్తుందేమో చూడండి. ప్రతి టేకూ రెండు మూడు నిమిషాలకి మించకుండా, మధ్యలో ఫ్యాను వేసుకుంటూ తీయండి. చెమట తుడవకూడదు, టిష్యూ కాగితంతో అద్దాలి.

ప్రశ్న: తెలుగు టైటిల్స్‌లో ఒత్తులు విడిపోతున్నాయి. తమిళ సబ్‌టైటిల్స్ కూడా కావాలి.
– అన్నానగర్ బృందమే

కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు తెలుగు అక్షరాన్ని సరిగ్గా కూర్చలేవు. ‘కన్యాశుల్కం’లో ‘ల్క’ రెండు ముక్కలై పక్కపక్కన నిలబడుతుంది. సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజిన్ అని ఉంటే అది ఎంచుకోండి. లేకపోతే పేర్లని వేరే చోట టైపు చేసి, వెనక ఏమీ లేని పీఎన్‌జీ బొమ్మగా తెచ్చి పెట్టండి. ఫిల్ము బయటికి తీశాక ప్రతి పేరూ పెద్ద తెర మీద ఒకసారి చదవండి. సబ్‌టైటిల్ ఫైలుని యూటీఎఫ్-8లో దాచకపోతే తమిళం డబ్బాలుగా వస్తుంది.

ఒక్కోసారి రెండు వరసలకి మించొద్దు, 6 సెకన్లకి మించి నిలపొద్దు. నవ్వు వచ్చే మాటకి సబ్‌టైటిల్ నటుడి నోటికంటే ముందు పడకూడదు. చదివినవాళ్లు ముందు నవ్వేస్తారు, మాట వినబడదు. బొంకులదిబ్బ పేరులో ‘బొంకు’ ఉందన్న చమత్కారం తమిళంలోకి రాదు, ఒక చోటు పేరుగానే వదిలేయండి. కన్యాశుల్కం అంటే పిల్ల తండ్రి పుచ్చుకునే సొమ్ము. దాన్ని ‘వరదక్షిణై’ అని పెట్టారు మీ ఫైలులో. అది పిల్లాడి వైపు పుచ్చుకునేది, అర్థం తిరగబడిపోయింది. ‘పెణ్ణుక్కాన విలై’ అని మార్చండి.